శిథిలాల అచ్చుబొమ్మలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

నెల్లూరు మూలాపేటలో మా మిద్దె మీద ఆదివారం పూట లినోలియం షీటు మీద చెక్కి తీసే లినో అచ్చులు నేర్పుతుంటాను. వచ్చేవాళ్లలో బీటెక్ పిల్లలున్నారు, రిటైరైన బ్యాంకు మేనేజరున్నారు, రొయ్యల చెరువులు చేసే ఆయన ఒకరున్నారు. ఎవరొచ్చినా రెండో వారానికల్లా కోటో, పాడుబడ్డ గుడో గీస్తామంటారు. మూడో వారానికి అందరివీ అవే సందేహాలు. ఫోన్‌లో ఒకే జవాబు పదిసార్లు టైపు చేసి విసుగొచ్చి ఇక్కడ రాసి పెట్టాను. ఎవరికి కావలసింది వాళ్లు నేరుగా వెతుక్కుని చదువుకోవచ్చు.

## బొమ్మ మొదటిసారి చూసేటప్పుడు

అచ్చుబొమ్మ అంటే ఏంది సార్? ప్రింటవుట్ లాంటిదేనా?

కాదు. చిత్రకారుడు కాగితం మీద కాకుండా రాగి రేకు మీదో, చెక్క మీదో, లినోలియం ముక్క మీదో బొమ్మ తయారు చేస్తాడు. దానికి సిరా పట్టించి కాగితం మీద ఒత్తి తీస్తాడు. చెక్క, లినో అయితే ఉలితో తీసేసిన చోటు తెల్లగా మిగులుతుంది. ఎచింగ్‌లో లెక్క వేరు. రాగి రేకుకు మైనం లాంటి పూత పూసి, సూదితో గీకి, యాసిడ్‌లో ముంచుతారు. గీకిన చోట యాసిడ్ రాగిని తింటుంది, ఆ గాట్లలో సిరా నిలుస్తుంది. ఒకే రేకు నుంచి చాలా కాపీలు వస్తాయి, కానీ ప్రతి కాపీ అసలుదే. ఇదేదో విదేశీ సరుకు అనుకోకండి. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో ఉండి, సిరాల చిక్కదనం తేడాతో ఒకే రేకు మీద చాలా రంగులు తీసే పద్ధతికి ప్రపంచమంతా పేరు తెచ్చాడు.

ఇన్ని నిలబడ్డ కట్టడాలుండగా కూలిపోయినవే ఎందుకు గీశారు?

అమ్ముడుపోతాయి కాబట్టి. తత్వం తర్వాత వచ్చింది. యాంట్‌వర్ప్‌లో హీరోనిమస్ కాక్ అనే ఆయన 1551లోనే రోమ్ శిథిలాల ఎచింగుల వరస ఒకటి వేశాడు. 18వ శతాబ్దానికి ఇంగ్లండ్ ధనవంతుల పిల్లలు చదువు పూర్తయ్యాక రోమ్ చూడటానికి రావడం ఆనవాయితీ అయింది. మనం తిరుపతి నుంచి పటం తెచ్చుకున్నట్టు వాళ్లు రోమ్ నుంచి అచ్చుబొమ్మ తీసుకెళ్లేవాళ్లు. ఆ గిరాకీలోంచే పిరనేసి (1720–1778) అనే ఇటలీ ఎచింగ్ కళాకారుడు పైకొచ్చాడు. రోమ్ దృశ్యాలు ఒక్కటే 135 దాకా పెద్ద రేకులు చేశాడు, 1740ల చివర్లో మొదలుపెట్టి చనిపోయేదాకా.

అయితే కూలిన కట్టడంలో గీసేవాడికి నచ్చే సంగతి ఇంకొకటుంది. నిలబడ్డ భవనం మనకు గోడే చూపిస్తుంది. కూలినది లోపలి ఇటుక, గోడ మందం, కమాను బరువు మోసే తీరు, అన్నీ బయటపెడుతుంది. పిరనేసి చదువుకున్నది వాస్తుశిల్పమే, కట్టించింది మాత్రం చాలా తక్కువ. కట్టడం ఎలా నిలబడుతుందో కూలినవాటిని చూసి నేర్చుకున్నాడు.

శిథిలం కనపడితే చాలు, 'అంతా నశించేదే' అని అర్థం చెప్పుకోవాలా?

ఎక్కువమంది అక్కడే ఆగిపోతారు. నేను క్లాసులో చెప్పేది ఒకటే: గోడను వదిలేయండి, దాని పక్కన ఎవరున్నారో చూడండి.

ఒకే కమాను అనుకోండి. కింద ఎవరూ లేకపోతే అది దుఃఖం. టేపు పట్టుకుని కొలిచే మనిషి ఉంటే చదువు. చెయ్యి చాచి చూపించే ఆసామి ఉంటే ఆశ్చర్యం, కొంచెం గొప్పలు కూడా. బట్టలు ఆరేసే ఆవిడ ఉంటే ఆ కమాను శిథిలమే కాదు, ఆమెకది దండెం. కథ చెప్పేది పక్కనున్నవాళ్లు. పిరనేసి బొమ్మల్లో ఈ మనుషులంతా చింపిరి బట్టలతో, చేతులు విపరీతంగా ఊపుతూ ఉంటారు. వాళ్ల మీద వేలు అడ్డం పెట్టి ఒకసారి చూడండి. అదే రోమ్ చల్లబడిపోతుంది.

పోయిన వేసవిలో ఒక ఇంటర్ అమ్మాయి మా జిల్లా ఉదయగిరి కోట మీది గుడి గోడ బాగా గీసింది, కానీ బొమ్మ మూగగా ఉంది. మూలన ఒక నీళ్ల బాటిల్, విడిచిన చెప్పుల జత పెట్టమన్నాను. చెప్పులు పెట్టింది, బాటిల్ వద్దంది. ఆ పిల్లదే రైటు. ఎవరో లోపలికి వెళ్లారు, చెప్పులు విప్పి వెళ్లారు, అంటే లోపల ఇంకా దేవుడున్నాడని ఎవరో నమ్ముతున్నారు. రెండు చెప్పులతో ఇంత చెప్పొచ్చు.

బొమ్మలో మనుషులు చీమలంత ఉంటారెందుకు?

గోడ పెద్దదిగా కనపడాలని. మనిషిని సగం చేస్తే గోడ రెట్టింపవుతుంది. కళ్లను నేలకు దగ్గరగా పెట్టి పైకి చూస్తున్నట్టు గీయడం కూడా అందుకే. పిరనేసి బొమ్మలు ముందు చూసి తర్వాత రోమ్ వెళ్లినవాళ్లలో కొందరు 'ఇంతేనా' అనుకున్నారు. పోస్టరు చూసి సినిమాకెళ్లినట్టన్నమాట.

## గుర్తులు చదివేటప్పుడు

గోడ మీద మొలిచిన చెట్టుకు అర్థం ఏంటి?

యూరప్ బొమ్మల్లో మామూలుగా చెప్పే అర్థం: మనిషి కట్టింది ప్రకృతి వెనక్కి తీసుకుంటోంది. ఊరికే అలంకారానికి గీసిన పిచ్చిమొక్కలు కావవి. రిచర్డ్ డీకిన్ అనే ఇంగ్లిషు డాక్టరు 1855లో రోమ్ కొలోసియం శిథిలంలో 420 రకాల మొక్కలు లెక్కపెట్టాడు. 1870 తర్వాత పురావస్తువాళ్లు వాటిని పీకి శుభ్రం చేశారు. ఇప్పుడు వెళితే పాత బొమ్మల్లో ఉన్న పచ్చదనం కనపడదు.

మన దగ్గర ఈ అర్థం సగమే అతుకుతుంది. గాలిగోపురం సందులో కాకి వేసిన విత్తనం రావిమొక్కవుతుంది. ఐదేళ్లలో వేళ్లు రాళ్లను విడదీస్తాయి. కానీ కొట్టమంటే ఎవరూ ముందుకు రారు, అది రావి. గుడిని కూలుస్తున్నది అదే, దండం పెట్టించుకునేదీ అదే. గుళ్లో దేవుడు లేకపోయినా చెట్టు మొదట్లో పసుపు, కుంకుమ, చుట్టూ దారం కనపడతాయి. మీ బొమ్మలో రావిచెట్టు ఉంటే ఆ దారం గీయండి. సన్నటి ఉలితో నాలుగు గీతలు చాలు, అది యూరప్ చెట్టు కాకుండా పోతుంది.

కోటల బొమ్మల్లో ఈ మేకలు, ఆవుల గోలేంటి?

నిజంగా ఉండేవి కాబట్టి. రోమన్ చక్రవర్తులు ఊరేగిన ఫోరం అనే నగర కూడలి తర్వాతి కాలంలో పశువుల బయలైపోయింది. జనం దాన్ని 'కాంపో వాచినో' అనేవారు, ఆవుల మైదానం అని. క్లాడ్ లొరేన్ 1636లో ఆ పేరుతోనే ఎచింగ్ చేశాడు. రాజ్యం పోయి గడ్డి మిగిలిందని చదవచ్చు. పశువులకు మేత దొరికిందనీ చదవచ్చు. నేను రెండోదాని వైపు. మన కొండల మీద మేకలు కాసేవాళ్లకు కోట దారులు తెలిసినంతగా చరిత్ర చదివినవాళ్లకు తెలియవు.

క్రిస్మస్ కార్డు మీద యేసు పుట్టింది పాకలో కదా, పాత బొమ్మల్లో కూలిన భవనం ఉందేం?

అది కావాలని పెట్టిన గుర్తు. పాత ధర్మం జీర్ణమైంది, అందులోంచే కొత్తది పుట్టిందని అర్థం. జర్మనీ చిత్రకారుడు డ్యూరర్ 1504లో చెక్కిన చిన్న రాగి రేకు బొమ్మ ఇందుకు మంచి ఉదాహరణ. పెచ్చులూడిన గోడలు, పైకప్పు మీద గడ్డి, ముందు బావిలోంచి నీళ్లు తోడి కూజాలో పోస్తున్న జోసెఫ్. తల్లీబిడ్డలు ఒక పక్కకు ఒదిగి ఉంటారు. ఇక్కడ శిథిలం చావు కాదు, పురిటిగది.

విరిగిన స్తంభం, సగం తోరణం, ఖాళీ పీఠం... దేనికి ఏ అర్థమో లిస్టు ఇస్తారా?

ఇవ్వను. లిస్టు ఇస్తే బొమ్మ చూడటం మానేసి లిస్టు చూస్తారు. విరిగిన స్తంభం అర్ధాయుష్షుకు గుర్తుగా పాత ఇంగ్లిషు సమాధుల మీద కనపడుతుంది, ఆ మాటవరకు నిజమే. ఖాళీ పీఠం గురించి మాత్రం మన ప్రాంతం వాడిగా నాకు చెప్పాలనుంది.

కృష్ణదేవరాయలు దాదాపు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గజపతుల నుంచి ఉదయగిరి కోట తీసుకున్నాడు. పోతూ పోతూ అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దానికోసం పెద్ద గుడి కట్టించాడు. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత హంపీ పాడైంది. ఆ బాలకృష్ణుడు ఇప్పుడు చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాడు. ఉదయగిరిలో శిథిలం, హంపీలో శిథిలం, రెంటికీ ఒకే దేవుడు కరువయ్యాడు. ఇక గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం సంగతి చూడండి. అక్కడినుంచి దొంగతనంగా పోయిన సున్నపురాయి శిల్పం ఒకటి ఆస్ట్రేలియా దాకా వెళ్లింది. 2016లో అక్కడి నేషనల్ గ్యాలరీ దాన్ని మన దేశానికి తిరిగి ఇచ్చేసింది.

అందుకే మనవైపు ఖాళీ పీఠం గీస్తే 'కాలం మింగేసింది' అని సరిపెట్టుకోవడం నాకు నచ్చదు. కాలం విగ్రహాలను ఎత్తుకుపోదు. ఎవరో ఎత్తుకుపోయారు. ఒకరు గెలిచి, ఒకరు దొంగిలించి. పీఠం మీద గునపం గాటు ఉంటే ఆ గాటు గీయండి.

శిథిలం అంటే గతమేనా? రాబోయేదాన్ని కూడా చూపించొచ్చా?

భేషుగ్గా. గుస్తావ్ డోరే 1872లో లండన్ మీద చేసిన బొమ్మల్లో చివరిదాన్ని చూడండి. ఎప్పటికో రాబోయే కాలంలో న్యూజిలాండ్ నుంచి వచ్చిన మనిషి ఒకడు విరిగిన లండన్ వంతెన మీద కూర్చుని, కూలిన సెయింట్ పాల్స్ చర్చిని గీసుకుంటుంటాడు. సూర్యుడస్తమించని రాజ్యమని చెప్పుకుంటున్న రోజుల్లో వేసిన బొమ్మ అది. మన దగ్గర ఈ పని చేయాలంటే చీమకుర్తి వెళ్లండి. గెలాక్సీ గ్రానైట్ తీసిన గుంతల అంచున నిలబడితే మెట్లు మెట్లుగా కిందికి దిగుతూ తలకిందుల కోటలా ఉంటుంది. ఎక్కడో ఒక ఎయిర్‌పోర్టు లేచిన చోటికి ఇక్కడి కొండ వెళ్లిపోయింది.

అందం కోసం గోడను ఇంకొంచెం పడగొట్టి గీయొచ్చా? మోసం కాదా?

పెన్సిల్‌తో పడగొడితే తప్పు లేదు. ఇంగ్లండ్‌లో విలియం గిల్పిన్ అనే మతగురువు 1782లో అచ్చేసిన యాత్రా పుస్తకంలో టింటర్న్ మఠం శిథిలం గురించి రాస్తూ, దాని గోడల కొసలు మరీ తిన్నగా ఉన్నాయి, ఎవరైనా సుత్తి తీసుకుని నేర్పుగా నాలుగు దెబ్బలేస్తే బాగుండును అన్నాడు, ఆ ధైర్యం ఎవరికుందని కూడా తనే అన్నాడు. ఎనిమిదో హెన్రీ 1536లో మూయించిన మఠం అది. మూయించినవాడి కంటే కూడా బాగా పడగొట్టాలని బొమ్మల ప్రేమికుడికి కోరిక! అడుగున ఊరిపేరు, తేదీ వేస్తే మాత్రం ఉన్నది ఉన్నట్టు గీయండి. పేరు వేయకపోతే మీ ఇష్టం.

## దొరల బొమ్మలు చూసేటప్పుడు

తెల్లదొరలు గీసిన మన గుళ్లు, కోటల బొమ్మల్ని నమ్మొచ్చా?

గీతను నమ్మొచ్చు. గాలిని నమ్మకండి.

విలియం హాడ్జెస్ 1780లో మద్రాసులో దిగి మూడేళ్లు ఉన్నాడు. తర్వాత 48 బొమ్మలు అచ్చువేశాడు. ఆ వెనకే థామస్ డేనియల్, ఆయన సోదరుడి కొడుకు విలియం వచ్చారు. 1792–93లో దక్షిణాదిన మదురై, రామేశ్వరం దాకా తిరిగారు. 1795 నుంచి 1808 లోపు 144 బొమ్మలు ఆరు భాగాలుగా తెచ్చారు. ఇవి ఆక్వాటింట్‌లు. రాగి రేకు మీద గుగ్గిలం పొడి చల్లి వేడి చేసి యాసిడ్‌లో పెడితే నీటిరంగులా మెత్తటి నీడలు వస్తాయి. ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేట్టు చేసే కెమెరా అబ్స్క్యూరా అనే పెట్టెను డేనియల్స్ వాడేవారు కాబట్టి గోపురాల కొలతలు చాలావరకు సరిగ్గానే ఉంటాయి.

గాలి అన్నది దేనికంటే, రోజూ మూడుపూటలా పూజ జరిగే గుడి కూడా వీళ్ల బొమ్మలో ఎవరూ రాని చోటులా కనపడుతుంది. సాయంత్రపు ఎండ, ఒక మర్రిచెట్టు, గోచీ పెట్టుకున్న ఇద్దరు. లండన్‌లో కూర్చుని ఆ బొమ్మ చూసేవాడికి 'ఒకప్పుడు గొప్పవాళ్లు, ఇప్పుడు మన అవసరం ఉంది' అనిపిస్తుంది. అలా అనిపించాలనే గీశారని నేను అనను. కానీ కొన్నవాళ్లకు ఆ అర్థం బాగా కలిసొచ్చింది. ఇంకో సంగతి, దొరలు ఒంటరిగా ఏదీ కనిపెట్టలేదు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఊరూరా శాసనాలు, కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) పోగేశాడంటే, దారి చూపి చదివి చెప్పింది ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య లాంటి మనవాళ్లు. బొమ్మల్లో మాత్రం మనవాళ్లు చెట్టు కింద కూర్చునే ఉంటారు.

రాయి కూడా మిగలని చోటును ఎలా గీయాలి సార్?

ఈ ప్రశ్న అడిగింది దుగరాజపట్నం అబ్బాయి. మద్రాసు పుట్టకముందు ఇంగ్లిషు కంపెనీ ఆ ఊళ్లో వర్తక స్థావరం పెట్టింది, 1626 ప్రాంతంలో. వాళ్లు ఆర్మగాన్ అని పిలిచేవారు. 1640కల్లా మద్రాసుకు మారిపోయారు. గీద్దామంటే కమాను లేదు, స్తంభం లేదు.

రెండు దారులున్నాయి. ఒకటి, లేకపోవడాన్నే గీయడం: సముద్రం, సరుగుడు తోట, ఇసుక, పడవ. పేరు మాత్రం 'ఆర్మగాన్' అని పెట్టండి. మిగతాది చూసేవాడు పూరించుకుంటాడు. రెండోది, మాటను గీయడం. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును వెనకటి రాజులు స్వాధీనం చేసుకునేవారు, నేను సుంకం మాత్రమే తీసుకుంటాను, భయపడకండి అని వర్తకులకు ఇచ్చిన మాట అది. ఓడలు లేవు, వర్తకులు లేరు, రేవు లేదు. మాట మాత్రం రాతి మీద ఉంది. అక్షరాలు నున్నగా అరిగిన రాయిని కాగితం నిండా గీయండి, సముద్రాన్ని పైన ఒక వేలెడు మందం పెట్టండి.

## కొండెక్కి గీసేటప్పుడు

మొదటి బొమ్మకు ఏ చోటు మంచిది?

ఉదయగిరి. నెల్లూరు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. ఒకే కొండ మీద బురుజులు, రంగనాయకుల గుడి, మసీదులు ఉన్నాయి. పల్లవుల కాలపు ఎనిమిది గుహాలయాలున్న భైరవకోన కూడా చాలామంది అడుగుతారు. అది కొండలో తొలిచిన చోటు, పూజలందుకుంటున్న చోటు. అందంగా ఉంటుంది, శిథిలం లెక్కలోకి రాదు. కోటలు బోరు కొడితే దొనకొండ పోయి బ్రిటిష్ కాలపు విమానాల దిగుడు బయలు గీయండి.

ఎన్నింటికి వెళ్లాలి? ఏమేం తీసుకెళ్లాలి?

డిసెంబరు, జనవరిలో, తెల్లారేసరికి కొండ కింద ఉండేట్టు. ఎండ అడ్డంగా పడినప్పుడే రాళ్ల సందులు నల్లగా కనపడతాయి. పదయ్యేసరికి గోడ మొత్తం ఒకే తెలుపు. నీళ్లు, టోపీ, బిస్కెట్లు. ఒంటరిగా వద్దు. గడ్డి మోకాళ్ల దాకా ఉంటుంది, కర్రతో కొట్టుకుంటూ నడవండి.

శాసనం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దుకోవచ్చా?

వద్దు. ఫోటో తీసుకోండి. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. పేర్లు చెక్కే ప్రేమికులకు కూడా ఇది వర్తిస్తుంది.

గీస్తూ కూర్చుంటే జనం అనుమానంగా చూస్తున్నారు, ఏం చెప్పాలి?

నిజం చెప్పండి, బొమ్మ చూపించండి. గుప్తనిధులని కోటలు, గుళ్లు తవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు. రాత్రి వచ్చి నంది పొట్ట పగలగొట్టి పోతారు. కాబట్టి అనుమానం న్యాయమే. నేను గోడ నీడన కూర్చుని గీస్తుంటే ఒక పెద్దాయన వెనక నిలబడి చాలాసేపు చూసి, 'ఏందబ్బయా, మ్యాప్ గీస్తుండావా? గుర్తు యాడ పెట్టినావు?' అన్నాడు. నాకు నవ్వాగలేదు. బొమ్మ చేతికిచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, 'ఆ గుంత గీయలేదే' అన్నాడు. పక్కనే నిధికోసం తవ్విన గుంత ఉంది. వికారంగా ఉందని వదిలేశాను. ఇంటికొచ్చాక దాన్నే ముందు చెక్కాను. మన కాలం ఆ కోటకు చేర్చిన గుర్తు అదొక్కటే మరి.

## చెక్కేటప్పుడు, అచ్చు తీసేటప్పుడు

సార్, నా కోట తిరగబడి వచ్చింది!

అందరికీ వస్తుంది. లినో మీద ఎడమవైపున్నది కాగితం మీద కుడివైపుకు పోతుంది. స్కెచ్‌ను ట్రేసింగ్ పేపర్ మీద తీసి, తిరగేసి లినో మీద దించుకోండి. అక్షరాలుంటే అద్దంలో చూసి సరిచూసుకోండి.

నేను ఉదయగిరి మీద చేసిన మొదటి అచ్చులో ఇది మర్చిపోయాను. గొప్పగా ఫ్రేము కట్టించి ఉదయగిరిలోనే చెక్క గరిటెలు చేసే ఒకాయనకు బహుమతిగా తీసుకెళ్లాను. ఆయన చేతిలో పని ఆపి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. 'బాగుంది సార్. ఎవరి కొండ ఇది?' అన్నాడు. నెల్లూరులో పాతికమంది చూసి మెచ్చుకున్నారు, ఒక్కరూ పట్టుకోలేదు. రోజూ పొద్దున లేచి ఆ కొండ మొహం చూసేవాడికి ఒక్క క్షణం పట్టలేదు.

గోడలో ప్రతి రాయీ చెక్కాలా? ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

లినోలో మీరు నల్లటి గోడతో మొదలుపెడతారు. ఉలి ఎక్కడ తగిలితే అక్కడ వెలుతురు. అంటే గోడను పగలగొడుతూ పోతున్నారు, పగిలిన చోటే కనపడుతోంది. శిథిలం బొమ్మకు ఇంతకంటే తగిన పద్ధతి లేదని నా నమ్మకం. ఎచింగ్‌లోనూ అంతే. వాన సున్నాన్ని తిన్నట్టు యాసిడ్ రాగిని తింటుంది. పిరనేసి ఒకే రేకును మళ్లీ మళ్లీ యాసిడ్‌లో ముంచేవాడు. దూరం గోడలకు కాసేపు, దగ్గరి నీడలకు చాలాసేపు. ఎక్కువ తినిపించిన చోట సిరా ఎక్కువ నిలిచి చీకటి గుయ్యారంలా పడుతుంది. ఊహలోంచి గీసిన కారాగారాల బొమ్మల వరస అచ్చువేసి పదేళ్లు దాటాక, 1761లో, అవే రేకులు తీసి ఇంకా నల్లగా, ఇంకా చిక్కుగా చేశాడు.

ఇక ఎక్కడ ఆపాలంటే, ఎండ పడే వైపు రాళ్ల అంచులు మాత్రం తీయండి. నీడ వైపు ముట్టుకోకండి. రాళ్లన్నీ చెక్కితే అది కోట కాదు, కాంపౌండు వాల్. ఒకసారి తీసిన లినో తిరిగి అతకదు కాబట్టి మధ్యలో రెండు మూడుసార్లు అచ్చు తీసి చూసుకుంటూ వెళ్లండి.

ప్రెస్ లేదు, ఇంట్లో అచ్చు తీయడం ఎలా?

చెక్క గరిటె వెనక భాగంతో. మా క్లాసులో అందరూ ఉదయగిరి గరిటెలే వాడతారు. ముందు రోలర్‌తో సిరాను పలచగా పరచండి. సరిగ్గా పరిచితే రోలర్ కింద చిటచిటమని సన్నగా, నూనెలో ఆవాలు వేగే ముందు చప్పుడులా వినిపిస్తుంది. బదబదమంటే సిరా ఎక్కువైంది. లినోకు పట్టించి, పలచటి చేతి కాగితం మీద వేసి, గరిటె వీపుతో మధ్యలోంచి అంచులకు గుండ్రంగా రుద్దండి. పది నిమిషాలకు చెక్క వెచ్చబడుతుంది. కాగితం వెనక బొమ్మ నీడలా తేలుతుంది. అప్పుడు ఒక మూల ఎత్తి చూడండి, చాలకపోతే మళ్లీ పడుకోబెట్టి రుద్దండి. కోట కింద ఊళ్లో చెక్కిన గరిటెతో ఆ కోటనే అచ్చు తీయడం నాకు ఇప్పటికీ సరదాగా ఉంటుంది.

కింద 3/20 అని రాస్తారెందుకు?

మొత్తం 20 తీస్తే అందులో ఇది మూడోది. పెన్సిల్‌తోనే రాయండి, సంతకం కూడా.

## ఇంట్లో పెట్టుకునేటప్పుడు

కూలిన గుడి బొమ్మ నట్టింట్లో పెట్టుకోవచ్చా? మా అత్తగారు ఒప్పుకోవట్లేదు.

మా అమ్మ కూడా ఒప్పుకోలేదు. 'దీపం లేని గుడి గోడకెందుకురా' అంది. ఖండిత విగ్రహం పూజకు పనికిరాదు, ఏట్లో కలిపేయాలి అని పుట్టినప్పటి నుంచి విన్న మనుషులు వాళ్లు. యూరప్‌లో పాడుబడ్డ మఠం బొమ్మను భోజనాల గదిలో పెట్టుకుంటారు. మన ఇళ్లలో పాడుబడ్డది అంటే జీర్ణోద్ధరణ చేయాలి, లేదా అటు పోకూడదు. మధ్యలో కూర్చుని చూసి ఆనందించడం అనే వాడుక మనకు కొత్త. దీన్ని వెనకబాటు అనుకోవద్దు. గుడి అంటే వాళ్ల దృష్టిలో కట్టడం కాదు, ఒకరి ఇల్లు.

వాస్తు సంగతి నాకు తెలియదు, అత్తగార్లతో వాదించొద్దని మాత్రం తెలుసు. పుస్తకాల గదిలోనో, మెట్ల మీదో పెట్టుకోండి. నేను రెండో కాపీలో గర్భగుడి చీకట్లో ఒక చిన్న దీపం చెక్కాను. లినోలో మినప్పప్పు బద్దంత గాటు. మా అమ్మ దాన్ని హాల్లోకి తెచ్చి తనే మేకు కొట్టించింది.

పాత పుస్తకాల అంగట్లో 'పిరనేసి' అని చూపించారు. అసలుదేనా?

భూతద్దం పెట్టి చూడండి. చుక్కలు చుక్కలుగా కనపడితే పుస్తకంలో చించిన పేజీ. గీతలు తెగకుండా, సిరా కొంచెం ఉబ్బుగా ఉండి, బొమ్మ చుట్టూ రాగి రేకు ఒత్తిడికి కాగితం దిగబడిన దీర్ఘచతురస్రపు గాడి ఉంటే రేకు నుంచి తీసిందే. అయినా ఎగిరి గంతేయకండి. ఆయన పోయాక కూడా ఆ రేకుల నుంచి అచ్చులు తీస్తూనే ఉన్నారు. రేకులు ఇప్పటికీ రోమ్‌లో భద్రంగా ఉన్నాయి. అరిగిన రేకు నుంచి ఆలస్యంగా తీసిన కాపీలో నీడలు బూడిదరంగుకు తిరుగుతాయి.

మూతపడ్డ సినిమా హాలు గీస్తే అది కూడా శిథిలమేనా?

అవును, కానీ ఇంకా పచ్చిది. ఉదయగిరి కోసం ఇవాళ ఏడ్చేవాళ్లు ఎవరూ లేరు, దూరంగా నిలబడి అర్థాలు చెప్పుకోవచ్చు. సినిమా హాలుకు ఆ దూరం రాలేదు. ఒక హాలు గీశాను: బుకింగ్ కిటికీకి తుప్పుపట్టిన కమ్మీలు, వాటి ముందు లైను కోసం కట్టిన ఇనుప గొట్టాలు, గొట్టాల మధ్య మొలిచిన తుమ్మచెట్టు. మంచి గుర్తులు కుదిరాయని లోపల మురిసిపోయాను. క్లాసులో గోడకు తగిలిస్తే తుమ్మచెట్టు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. రిటైర్డ్ మేనేజరుగారు దగ్గరికి వెళ్లి కమ్మీల మధ్య వేలు పెట్టినట్టు పెట్టి, 'ఇక్కడే చెయ్యి ఇరుక్కుని వాచీ పోగొట్టుకున్నా' అన్నారు. రొయ్యల చెరువుల ఆయన ఆ వాచీ ఏ కంపెనీదని అడిగారు. ఆ రోజు అచ్చు తీసే పని సాగలేదు.